గొంతు ఉరికిన చోటు

సారు పోయాడన్న కబురు నాకు సత్తుపల్లి బస్టాండులో అందింది. చేతిలో అప్పుడే ప్రెస్సు నుంచి తెచ్చిన కరపత్రాల కట్ట ఉంది. ఫోన్లో మా చిన్నాయన ముక్తసరిగా చెప్పాడు. "సారు ఎల్లిపోయిండురా. పొద్దుగాల, భద్రాచలం దవాఖానాల. నువ్వొస్తవా, రావా?"

ఆ చివరి ప్రశ్న ఎందుకు అడిగాడో నాకు తెలుసు. మా గూడెంలో అందరికీ తెలుసు. తొమ్మిది నెలలుగా నేను సారు గడప తొక్కలేదు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. పేపర్లో పేరు పడ్డ మనిషి కాదు. చండ్రుగొండ దాటి అడవి వైపు పోతే వచ్చే మా గూడెంలో ఒంటి గది బడికి పంతులు. బదిలీ చేసిన ప్రతిసారీ మళ్ళీ అడిగి మరీ మా దగ్గరికే వచ్చాడు. రిటైరైనవాళ్ళు ఖమ్మంలో ఇల్లు చూసుకుంటారు. ఈయన బడి ఎదురుగానే రెండు గదులు వేసుకుని, పొద్దున లేస్తే బడి గంట వినపడే చోట కుర్చీ వేసుకున్నాడు. నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. మా ఇళ్ళలో మాట వేరు, పుస్తకంలో తెలుగు వేరు. ఒక్కో తెలుగు మాటను రుచి చూపించినట్టు చెప్పేవాడు. మింగమని తొందరపెట్టేవాడు కాదు.

షుగరు ఆయన చూపును తినేశాక నన్ను పిలిపించాడు. "రోజూ పొద్దుగాల వచ్చి ఒక్క కవిత చదివిపోరా. ఛాయ్ పోయిస్త."

నేను అప్పటికే డిగ్రీ మధ్యలో వదిలేసి, సభల దగ్గర దొరికే పలచని పుస్తకాలన్నీ చదివి, లోకాన్ని మార్చే పనిలో ఉన్నాను. కవిత్వం తిన్నది అరగనివాళ్ళ కాలక్షేపమని ఆయన మొహం మీదే అన్నాను.

"నిజమే బిడ్డా, నాకు అరగదు. షుగరు గద," అన్నాడు.

అలా మొదలైంది. ఒక కవిత, రెండుసార్లు. రెండోసారి మెల్లగా. తర్వాత ఛాయ్ తాగేదాకా ఎవరూ మాట్లాడకూడదు. గ్లాసు కింద పెట్టాక ఒకటే ప్రశ్న: "ఏ మాట కాడ కాలు తట్టుకున్నది?"

"మొత్తానికి కవి ఏం చెప్తుండంటే సార్..." అని నేను అందుకునేవాడిని.

"మొత్తం ముచ్చట నాకెందుకురా? నీ కాలుకు తాకిన రాయి చూపెట్టు."

వాన మీద ఒక కవితను నాలుగు రోజులు చదివించాడు. మొదటి రోజు నాకు మెరుపు తట్టింది. రెండో రోజు తడుస్తున్న దూడ. మూడో రోజు విసుగు తప్ప ఏమీ తట్టలేదు, అదే చెప్పాను. "మంచిది, విసుగు కూడ రాసుకో," అన్నాడు. నాలుగో రోజు 'కూడా' అనే చిన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట తీసేస్తే కవితలో కవి ఒక్కడే తడుస్తాడు. ఉంటే ఊరంతా తడుస్తుంది. ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన చూపులేని కళ్ళు నా వైపు తిప్పి, "అవ్," అన్నాడు. అంతే. ఆ 'అవ్' కోసం ఆ రోజంతా ఎగురుకుంటూ తిరిగాను. ఈ సంగతి నా తోటి కార్యకర్తలెవరికీ చెప్పలేదు, సిగ్గేసి.

నా కరపత్రాలు కూడా చదివించుకునేవాడు. ఒకసారి మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు, ఆగు. ఏందిరా ఇది, లైను లైనుకూ అరుపేనా? ఊపిరి ఏడ తీసుకోవాలె?"

"జనానికి కోపం రావాలె సార్!"

"నీ కోపం నీకే వినపడుతున్నది. జనం ఏడున్నరు ఇందుల?"

రెండు రోజులు అలిగాను. మూడో రోజు పోతే నా గ్లాసు ఎప్పటిలాగే అరుగు మీద ఉంది.

ఇక ఆ కాగితం సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఆయన్ను పొగిడితే నాకంటే పెద్ద దొంగ ఉండడు.

మా పెద్దపిల్లలు వాగు దాటి పక్క ఊరి హైస్కూలుకు నడిచిపోతారు. వాళ్ళకు బండి కావాలని నేనే రోడ్డు మీద జనాన్ని కూర్చోబెట్టాను. నాలుగో రోజు మండలాఫీసు నుంచి ఒక జీపు వచ్చింది. అందులోంచి దిగినాయన ఒక కాగితం నా చేతిలో పెట్టి, "మీ డిమాండ్ ఒప్పుకున్నరు, జల్దీ సంతకాలు పెట్టియ్యండి," అన్నాడు. బడి ముందు జనం మూగారు. నేను గెలిచిన మొగోణ్ణి. గొంతెత్తి చదివాను.

కాగితంలో మధ్యన ఒక పేరా ఉంది. గ్రామస్తుల కోరిక మేరకు ఇక్కడి ప్రాథమిక పాఠశాలను పక్క ఊరి బడిలో కలుపుతున్నట్టు. దాని కిందనే వాహన సదుపాయం మాట. మధ్య పేరా చూడలేదని అబద్ధమాడను. కన్ను దాని మీద పడింది. ఆఫీసు కాగితాల్లో ఇలాంటి గడ్డి ఎప్పుడూ ఉండేదే అనుకుని, సగం గొణిగి, సగం మింగి, బండి దగ్గరికి దూకాను. చప్పట్లు కొట్టారు.

సారు తన అరుగు మీంచే పిలిచాడు. "బిడ్డా, నడుమ ఒక్క తాన నీ గొంతు ఉరికింది. అది మళ్ళొకసారి చదువు."

"సార్, ఇది మీ కవిత్వం కాదు. జీపు ఎల్లిపోతది!" అన్నాను.

జనం నవ్వారు. జీపులో వచ్చినాయన కూడా నవ్వాడు. మొదటి సంతకం నాది. మా చిన్నమ్మలు, అత్తలు వరుసగా వేలిముద్రలు వేశారు, నన్ను నమ్మి.

బండి వానాకాలం దాకా నడిచింది. వాగు పొంగితే ఆగింది, మళ్ళీ రాలేదు. అప్పటికే మా బడికి తాళం పడింది. పెద్దపిల్లలు ఎప్పటిలాగే నడుస్తున్నారు. చిన్నపిల్లలు వాగు దాటలేరు. తల్లుల వెంట మిరప తోటల్లోకి పోతున్నారు. ఆఫీసుకు పోయి బల్ల గుద్ది అరిచాను. అక్కడి గుమస్తా చల్లగా ఆ కాగితం తీసి చూపించాడు. "మీరే గద తమ్మీ కోరుకున్నది. మొదటి సంతకం ఎవరిదో చూడు."

మర్నాటి నుంచి సారు ఇంటికి పోవడం మానేశాను. రెండుసార్లు కబురు పెట్టాడు, పుస్తకం నడుమలో ఆగింది, రమ్మనమని. పోలేదు. ఆయన తిడితే పోయేవాణ్ణేమో. ఆయన తిట్టడని తెలుసు, అదే భరించలేకపోయాను. ఆయన మీద కోపం కూడా ఉంది, దాచను. అంత విన్న చెవి, అంత పట్టుకున్న మనిషి, ఆ రోజు కుర్చీలోంచి లేచి ఎందుకు అరవలేదు? ఒక్కసారి, నాలా ఒక్కసారి అరిచి ఉంటే బడి ఉండేది. మెత్తని మనుషుల మెత్తదనం వల్ల ఎవరికి దెబ్బ తగులుతుందో కవిత్వం చదివేవాళ్ళు కూడా ఆలోచించాలి. ఇది రాస్తూనే నాకు తెలుసు, అరిచేవాడి మాట మాత్రమే వినేలా ఊరిని తయారు చేసింది నేనే.

సంతాప సభకు తాళం వేసిన బడి ముందే టెంటు వేశారు. ఫ్లెక్సీలో సారు నవ్వుతున్నాడు. ఒక నాయకుడు సాహితీ శిఖరం కూలిందన్నాడు. ఇంకొకాయన సారు పేరు మీద గ్రంథాలయం కట్టిస్తామని మైకులో మాటిచ్చాడు. ఎక్కడ కడతారయ్యా, ఆ తాళం ఎవరు తీస్తారయ్యా అని అడగడానికి లేచాను. మళ్ళీ కూర్చున్నాను. ఆ తాళానికి నా సంతకం ఉంది. అంతమంది మాట్లాడారు, ఒక్కరూ ఒక్క కవిత చదవలేదు.

జనం చెదిరాక సారు భార్య నన్ను అరుగు మీదికి పిలిచింది. ఆమెను మేమందరం అమ్మా అనే అంటాం. పెద్దగా చదువుకోలేదు. పెళ్ళయ్యాక సారు దగ్గరే అక్షరాలు నేర్చుకుంది.

"నువ్వు రాకపోతే ఆయనకు ఎవలు చదివిన్రనుకున్నవ్? నేనే," అంది. "కూడబలుక్కుంట, కూడబలుక్కుంట. ఒక్క కవితకు ఛాయ్ చల్లారేది. నాకు ఉరకరాదు గద బిడ్డా, అందుకే ఒక్క అక్షరం గూడ మింగలే."

ఆమె పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. మధ్యలో గుర్తుకు పెట్టిన కాగితం మడత విప్పి చూస్తే జీపులో వచ్చిన ఆ కాగితం జిరాక్సు. అన్నిటికంటే పైన నా సంతకం.

"ఇది గూడ చదివిచ్చుకున్నడు," అంది అమ్మ. "రెండుసార్లు."

"నన్నేమన్నా అన్నడా అమ్మా?"

"నిన్నేమంటడు? ఛాయ్ తాగినంక ఎప్పటిలెక్కనే అడిగిండు, కాలు ఏడ తట్టుకున్నదని. 'కోరిక' కాడ అన్న. 'ఎవల కోరికనే?' అన్నడు. నేనేం చెప్త?"

ఆమె లోపలికి పోయి రెండు గ్లాసులతో వచ్చింది. ఒకటి నా ముందు, ఒకటి ఆ ఖాళీ కుర్చీ పక్కన పెట్టింది. తర్వాత చీర కొంగుతో చేతులు తుడుచుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

"చదువు," అంది.

కవిత తెరవబోయాను. "అది గాదు. ముందు గా కాగితం."

కాగితం పట్టుకున్నాను. ఎదురుగా బడి తలుపు, తాళం, బడి అరుగు మీద ఎవరో పిల్లలు బొగ్గుతో రాసి వదిలేసిన అ ఆ. మొదటిసారి చదివాను. రెండోసారి మెల్లగా, ఒక్కో మాటా పలుకుతూ మధ్య పేరా దాకా వచ్చాను. గ్రామస్తుల. దాని తర్వాతి మాట మీద వేలు పెట్టాను. ఖాళీ కుర్చీ పక్కన ఛాయ్ మీద తొరక కట్టింది. అమ్మ నా వేలు వైపే చూస్తూ కూర్చుంది.