కెటిలక్క చేతిలో ఎనిమిది టోపీలు

కెటిలక్క మొట్టమొదట గెలిచింది పోస్ట్‌మ్యాన్ టోపీ మీద. ఊరికే గెలవలేదు. అంతకుముందు నాలుగు టోపీలు ఆవిడ చేతిలో ప్రాణాలు వదిలాయి. ఒకటి ఆవిరి ఎక్కువై కొబ్బరిచిప్పంత అయి కూర్చుంది. ఒకటి పిల్లికి పడకైంది. మూడోదానికి అంచు బిగుసుకోవాలని పంచదార నీళ్లు పట్టిస్తే, అది పెట్టుకుని బయల్దేరిన పెద్దమనిషి తల చుట్టూ చీమలు బారులు తీరి ప్రదక్షిణలు చేశాయి. నాలుగోదాని సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఐదోది పోస్ట్‌మ్యాన్‌ది. దాని వెనక అంచుని చేటలా పైకి లేపి, ఎడమవైపుకి చిన్న మూతి తీసి ఇచ్చింది. వీధి వీధంతా నవ్వింది. పోస్ట్‌మ్యాన్ మాత్రం ఈరోజుకీ ఆ టోపీ దించడు.

ఆవిడ గుణం అదొక్కటే. ఏ టోపీ అయినా ఆ గడపలోకి వచ్చిన ఆకారంతో తిరిగి బయటికి వెళ్లకూడదు. అందులోనూ సంతలో గుట్టగా పోసి అమ్మే ఫెల్ట్ టోపీ, అట్టముక్కలా బిగుసుకుపోయి, నెత్తిన బోర్లించిన గిన్నెలా ఉండే రకం కనబడిందంటే ఆవిడ చేతులు ఊరుకోవు. ముందు రిబ్బను ఊడదీస్తుంది. పొయ్యి మీద కెటిల్ ఎక్కిస్తుంది. ముక్కులోంచి ఆవిరి బుసకొట్టగానే టోపీని దాని మీద తిప్పుతూ పట్టుకుంటుంది. ఫెల్ట్ అంటే అణిచి అణిచి గట్టిచేసిన ఉన్నే కదా, ఆవిరి తగిలితే దాని పొగరు దిగి పిండిముద్దలా మెత్తబడుతుంది. అప్పుడు అరచేతి అంచుతో నడినెత్తిన ఒక గాడి, ముందువైపు రెండు వేళ్లతో రెండు నొక్కులు. తడిగుడ్డ పరిచి అంచుకి ఇస్త్రీ. ఆరేదాకా బోర్లించిన గిన్నె మీద పెట్టి, అంచు మొదలు చుట్టూ ఒక తాడు చుట్టి వదిలేస్తుంది.

దీనివల్ల ఆ ఇంట్లో ఎవరికీ టీ పుట్టలేదు. వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోగానే, టీ కావాలా టోపీ కావాలా అని ఆవిడే అడిగేది. టీ అన్నవాళ్లకి కూడా టోపీయే వచ్చేది. పొరపాటున ఎప్పుడైనా నిజంగా టీ వచ్చినా అందులో తడిసిన గొర్రె వాసన వేసేది.

పగలు ఆవిడది బస్‌స్టాండులో టికెట్ కిటికీ. ఆ కిటికీ కంత ఎంతుంటుందంటే, అవతలి మనిషి ఒక తల, ఒక చెయ్యి మాత్రమే అవుతాడు. ఏళ్ల తరబడి తలలే చూసి చూసి, మనుషుల్ని తలలతోనే గుర్తుపట్టడం అలవాటైంది. వీధిలో ఎదురైతే బాగున్నారా అనదు. "తల ఇటివ్వు" అంటుంది. ఇచ్చేదాకా కదలదు. జేబులోంచి తాడు తీసి కొలుస్తుంది. పళ్లడాక్టరు కూడా ఆవిడకి తల ఇచ్చాకే నోరు తెరవమన్నాడని చెప్పుకుంటారు.

ఆవిడ భర్త బ్యాండ్ మాస్టరు. పొట్టిమనిషి, పెద్దగొంతు. పగలు తాళాలు బాగుచేస్తాడు, సాయంత్రం పాత గోదాములో ఏడుగురిని పోగేసి వాయిద్యాలు సాధన చేయిస్తాడు. ఆ ఏడుగురిలో కెటిలక్క తమ్ముడు ఒకడు. సైకిల్ షాపులో పని, చేతిలో క్లారినెట్. తలుపేసుకుని వాయించాడంటే వీధిలో నడిచేవాళ్లు నడక ఆపేవాళ్లు. తలుపు తీస్తేనే తంటా.

నిరుడు కూరగాయల మార్కెట్ వాళ్ల వేడుకలో తన వంతు రాగానే లేచి నిలబడి ఎదురుగా చూశాడు. అన్నీ కళ్లే. క్లారినెట్‌లోంచి పాట రాలేదు, ట్యూబులోంచి గాలి పోయినట్టు ఉస్సుమంది. ముందువరసలో ఒకాయన తన సైకిలేమోనని లేచి వెళ్లి చూసుకొచ్చాడు.

బావ ఆ రోజు వాయిద్యాలు సర్దించి అందరినీ ఇంటికి పంపేశాడు. ఈ ఏడు పార్కులో కొత్త మంటపం ప్రారంభానికి కబురొచ్చాక మాత్రం గోదాములో పక్కకి పిలిచాడు. ఇది బాగా వాయిస్తే పార్కు కమిటీ ప్రతి ఆదివారం మనకే ఇస్తుంది, మధ్యలో క్లారినెట్ ఒక్కటే వాయించే చోటు ఉంది, అది నీదే అని చెప్పి, గొంతు తగ్గించాడు.

"చూడు బామ్మర్దీ, ఇంట్లో నువ్వు నాకు ఎప్పటికీ బామ్మర్దివే. కానీ ఈసారి కూడా గాలే వస్తే, ఆ క్లారినెట్ ఇంకొకడికి ఇవ్వక తప్పదు."

తమ్ముడు తల ఊపాడు. ఆ రాత్రి అన్నం సగంలో లేచాడు. అక్క చూసింది. తల ఇటివ్వు అని మాత్రం అంది. పాత కొలతే ఉంది కదా అంటే, దిగులుకి తల చిక్కుతుందంది.

మర్నాడు బావ ఎనిమిది ఫెల్ట్ టోపీలు కట్టకట్టించి తెచ్చాడు. బురదరంగు, చవకరకం, మోతలో నలిగి అప్పడాల్లా అణిగిపోయాయి. భార్య ముందు పెట్టి, ఒక క్యాలెండరు బొమ్మలో టోపీ చూపించాడు. అన్నీ ఇలాగే ఉండాలి, ఎనిమిది తలలూ ఒకే చెట్టు కాయల్లా కనబడాలి అని ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు. ఆవిడ బొమ్మని శ్రద్ధగా చూసి, దాన్ని కెటిల్ కింద వేడి తగలకుండా పరిచింది.

ఆవిడ సెలవురోజంతా ఇల్లు మేఘాల్లో తేలింది. తమ్ముడు కెటిల్‌లో నీళ్లు నింపుతూ, తాళ్లు అందిస్తూ పక్కనే ఉన్నాడు. బ్యాండువాళ్లు ఒక్కొక్కరే వచ్చి తల ఇచ్చి వెళ్లారు. సాయంత్రానికి గిన్నెల మీద ఎనిమిది టోపీలు ఆరుతున్నాయి. రెండింటికి పోలిక ఉంటే ఒట్టు.

పెద్ద డ్రమ్ము ఆయన టోపీకి ఎడమ అంచు దోసిలి పట్టినట్టు ముందుకి తిరిగింది. ట్రంపెట్ ఆయన టోపీకి రెండు పక్కలా జల్లెడలా చిల్లులు, లోపల చుట్టూ తువ్వాలు ముక్క కుట్టి ఉంది. తమ్ముడి టోపీకైతే ముందు అంచు చూరులా కిందికి వాలి ముక్కు దాకా వచ్చింది.

బావ వచ్చి చూశాడు. కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమే, ఇది బ్యాండా, సంతా?"

"నా కంటికి అలా బాగున్నాయండీ."

"నీ కంటికి బాగుంటే నీ కిటికీలో పెట్టుకో. నాకు ఒకటిగా ఉండాలని చెప్పానా లేదా?"

"ఒకటిగానే ఉన్నాయి. ఒక్కొక్కళ్లకి ఒకటి."

మళ్లీ చేయడానికి వేళ లేదు. మర్నాడే ప్రారంభం. బావ తన టోపీ తీసి అద్దంలో చూసుకున్నాడు. దాని నెత్తిన గాడి లేదు, నొక్కు లేదు, బారుగా నిటారుగా నిలబడింది. ఎనిమిదింట్లో ఇదొక్కటే సరిగ్గా కుదిరిందని గొణుక్కుంటూ, దాన్ని తీయకుండానే వెళ్లి పడుకున్నాడు.

తమ్ముడు తనది పెట్టుకుని చూశాడు. "అక్కా, ఇందులోంచి నాకు నా క్లారినెట్ తప్ప ఇంకేమీ కనబడదు."

"ఇంకేం కావాలిరా?" అని ఆవిడ కెటిల్ కడుక్కోవడానికి లేచింది.

పార్కు నిండిపోయింది. మంటపం మెట్ల మీద బ్యాండు ఎక్కుతుంటే జనంలో కిచకిచలు మొదలయ్యాయి. ఎనిమిది టోపీలు ఎనిమిది దిక్కులు చూస్తున్నాయి. పార్కు కమిటీ పెద్ద పక్కనాయనతో వీళ్లది నాటకమా అని అడగడం బావ చెవిన పడింది. బావ చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యెత్తాడు, పాట మొదలైంది.

తమ్ముడి వంతు వచ్చింది. లేచి నిలబడ్డాడు. అలవాటుగా ఎదురుగా చూశాడు. చూరు అడ్డమొచ్చింది. ఆ అంచు కింద లోకం చిన్నదైపోయింది: పది వేళ్లు, నల్లటి క్లారినెట్, తాళం వేస్తున్న బావ బూటు, ఆ అవతల ముందువరస వాళ్ల చెప్పులు. చెప్పులకి కళ్లుండవు.

ఊపిరి పీల్చి ఊదాడు. ఈసారి గాలి రాలేదు, పాట వచ్చింది. తలుపేసుకుని వాయించినట్టే వచ్చింది, కాకపోతే ఆ తలుపు ఇప్పుడు నెత్తి మీద ఉంది. నడుమ ఒకచోట బావ బూటు తాళం మరిచిపోయి ఆగింది, వినడానికి. మళ్లీ తేరుకుని కొట్టింది.

అయిపోయాక చప్పట్లు ఎంతకీ ఆగకపోతే, తమ్ముడు వేలితో అంచు కొంచెం ఎత్తి చూశాడు. చూశాక వెంటనే దించేశాడు. కానీ చూశాడు.

అప్పుడే సన్నగా చినుకులు పడ్డాయి. జనం చెట్ల కిందికి పరిగెత్తారు. ఒక్క పోస్ట్‌మ్యాన్ మాత్రం నడిదారిలో నింపాదిగా నిలబడి ఉన్నాడు. టోపీ మీద పడ్డ నీళ్లన్నీ వెనక చేటలోకి చేరి, ఎడమపక్క మూతిలోంచి ధారగా నేలమీదికి పోతున్నాయి. కుడిభుజాన సంచి పొడిగా ఉంది. తమ్ముడు ఆ ధారనే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ట్రంపెట్ ఆయన వైపు చూశాడు. ఆయన పాట మధ్యలో చెమటకి కళ్లు తుడుచుకోవడానికి ఆగకుండా వాయించడం ఇదే మొదలు. ప్రతి పాటకీ బావ మోచేత్తో పొడిస్తే గానీ కదలని పెద్ద డ్రమ్ము, ఇవాళ మాట చెప్పగానే అందుకుంది. ఇక బావ. ఎప్పుడూ వాయిద్యాల వెనక దాగిపోయే బావ, నిటారు టోపీతో అందరికన్నా పైన కనబడుతూ, కమిటీ పెద్దకి చెయ్యి కలుపుతున్నాడు. ఆదివారాలు వచ్చినట్టే.

ఇంటికి నడుస్తూ తమ్ముడు అక్కని నిలదీశాడు. పెద్ద డ్రమ్ము ఆయనకి ఎడమచెవి సరిగ్గా వినబడదని నీకెలా తెలుసని అడిగాడు.

"టికెట్ ధర చెబితే కుడిచెవి తెచ్చి కిటికీలో పెడతాడురా. ఎవరికీ తెలియదనుకుంటున్నాడు పాపం. నువ్వు చెప్పకు. ఫ్యాషననుకోనీ."

"మరి నా సంగతి?"

"నీ సంగతి చూడ్డానికి కిటికీ ఎందుకు?"

"జీవితాంతం ఈ చూరు కిందే వాయించాలా అక్కా?"

ఆవిడ ఆగి, టోపీ అంచు పట్టుకుని అటూ ఇటూ వంచి చూపించింది. "ఇది ఇనుము కాదురా, ఉన్ని. నీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎంత కావాలంటే అంత, వేలితో ఎత్తితే లేస్తుంది." ఇంకేదో అంటుందనుకున్నాడు గానీ, ఎదురుగా ఎవరో కొత్తాయన వస్తుంటే తల ఇటివ్వండి అంటూ అటు వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆవిడ ఊళ్లో లేదు. పక్క పట్నం బ్యాండువాళ్లు కబురుపెట్టి తీసుకెళ్లారు, ఇరవై తలలున్నాయట. ఇంట్లో ఇన్నాళ్లకి టీ దొరుకుతుందని వీధంతా ఆశపడింది గానీ, కెటిల్ కూడా ఆవిడతోనే వెళ్లింది. బావ రోజూ తన టోపీని గిన్నె మీద బోర్లించి, నా టోపీ ఒక్కటే సరిగ్గా కుదిరిందని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. ఎవరూ కాదనడం లేదు.

తమ్ముడు ప్రతి ఆదివారం మంటపం ఎక్కేముందు టోపీ అంచుని వేలెడు పైకి ఎత్తుతున్నాడు. మొదటి వారం చెప్పులు పోయి మోకాళ్లు కనబడ్డాయి. తర్వాత ఒళ్లో పిల్లలు, చేతుల్లో గొడుగులు. పోయిన వారం గడ్డాల దాకా వచ్చాడు. ఇంకొక్క వేలు ఎత్తితే మొహాలే. ఆ ఒక్క వేలూ ఆపి ఉంచాడు. ముందువరసలో మధ్య కుర్చీ ఎవరినీ కూర్చోనివ్వవద్దని కమిటీ వాళ్లకి చెప్పి పెట్టాడు. కెటిలక్క వచ్చేది ఇరవై మూడో తేదీ, ఆదివారం, సాయంత్రం నాలుగింటి బస్సుకి.