రెండో స్థానం కోసం అడిలైడ్ దాకా

అడిలైడ్ వెళ్ళాలని నాకు ఆరేళ్ళుగా కోరిక. ప్రతి జనవరిలో ఆ ఊరి చుట్టూ వారం రోజులు పెద్ద సైకిల్ రేసు జరుగుతుంది. ఎక్కడెక్కడి దేశాల జట్లూ వస్తాయి. మెల్‌బోర్న్‌లో, క్లైడ్ నార్త్‌లోని మా ఇంట్లో, సోఫాలో కూర్చుని టీవీలో చూడటమే తప్ప ఒక్కసారీ కదల్లేకపోయాను. ఈసారి చివరి రెండు రోజులైనా చూద్దామని మూడు రైలు టికెట్లు తీశాను. నాకూ, మా ఆవిడ లావణ్యకూ, భీమవరం నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మా అత్తగారు రాజ్యలక్ష్మి గారికీ.

గురువారం సాయంత్రం లావణ్యకు పనిలోంచి ఫోన్ వచ్చింది. తను నర్సు. తోటి నర్సుకు జ్వరమట, వీకెండ్ డ్యూటీ తన మీద పడింది.

"మీరిద్దరూ వెళ్ళిరండి శ్రీనూ. అమ్మ మంగళవారం నించి ఆ రేసే చూస్తోంది. ఇప్పుడు కాన్సిల్ అంటే బాధపడుతుంది" అంది.

అదే చిక్కు. మాది జగిత్యాల దగ్గర ఊరు. ఇక్కడికి స్టూడెంట్‌గా వచ్చి ఎలక్ట్రీషియన్‌గా స్థిరపడ్డాను. నేనూ లావణ్యా ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. అప్పుడు అత్తగారు కాదనలేదు, అవుననీ అనలేదు. ఏడేళ్ళయినా నాతో నేరుగా మాట్లాడింది తక్కువ. నేను ఎదురుగా నిలబడి ఉండగానే "అల్లుడుగారికి ఇంకో అట్టు వెయ్యమంటారేమో అడగవే" అని కూతురితో అనేవారు. నేనూ అంతే, "అత్తమ్మకు చాయ్ కావాల్నేమో అడుగు" అనేవాణ్ణి. అలాంటి ఇద్దరం, మధ్యలో లావణ్య లేకుండా, పది గంటల రైలు ప్రయాణం.

శుక్రవారం తెల్లవారుజామున ఇంట్లోంచి బయల్దేరి, క్రాన్‌బర్న్ స్టేషన్లో కారు పెట్టి, లోకల్ రైల్లో సిటీకి చేరాం. అడిలైడ్ రైలు సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి ఎనిమిది దాటాక కదిలింది. వారానికి రెండే రోజులు నడిచే రైలు ఇది, కాబట్టి వెళ్ళాలనుకునేవాళ్ళు ముందే చూసుకోవాలి. విమానంలో గంటన్నరే. కానీ అత్తగారికి విమానమంటే చెవి నొప్పి. సీట్లు విశాలంగా ఉన్నాయి, కాళ్ళు పూర్తిగా చాపుకోవచ్చు. జీలాంగ్ దాటేదాకా ఆవిడ కిటికీలోంచి చూశారు, నేను ఫోన్ చూశాను. జీలాంగ్ దాటాక కూడా అంతే.

పదకొండుకి ఆవిడ డబ్బా తీశారు. దిబ్బరొట్టె, అల్లప్పచ్చడి. నాకు ఒక ముక్క, వరసకి అవతలి సీట్లో ఉన్న పెద్దాయనకు ఒక ముక్క కాగితం ప్లేట్లలో పెట్టారు. ఆయన గోధుమలు పండించే రైతు, మనవరాలి పుట్టినరోజుకి వెళ్తున్నాడు. రొట్టె తిని, చేతులు తుడుచుకుని, మేం ఎక్కడికని అడిగాడు. సైకిల్ రేసుకని చెప్పాను.

"హూ ఆర్ యూ బ్యాకింగ్, మేట్?"

"స్ప్రింటర్లలో ఫిన్" అన్నాను.

పక్కనుంచి అత్తగారు, ఆయనతోనే, ఇంగ్లీషులో, "నో. మార్టెన్" అన్నారు.

పెద్దాయన నవ్వి "యూ టూ సార్ట్ దట్ అవుట్" అని పేపర్ తీసుకున్నాడు. మేం తేల్చుకోవడం అక్కడ మొదలైంది.

రేసు సంగతి తెలియనివాళ్ళకి రెండు మాటలు. వారం మొత్తం కలిపి తక్కువ సమయంలో తొక్కినవాడు అసలు విజేత. అది కొండలెక్కేవాళ్ళకే దక్కుతుంది. చదును దారిలో చివరి రెండొందల మీటర్లు బాణాల్లా దూసుకుపోయే స్ప్రింటర్లకు వేరే పోటీ ఉంది. ప్రతిరోజూ గమ్యం దగ్గర మొదటివాడికి పదిహేను పాయింట్లు, రెండోవాడికి పధ్నాలుగు, మూడోవాడికి పదమూడు, అలా తగ్గుతూ పోతాయి. దారి మధ్యలో కూడా ఏదో ఒక ఊళ్ళో గీత గీసి ముందు దాటిన ముగ్గురికి అయిదు, మూడు, రెండు ఇస్తారు. పాయింట్లలో ముందున్నవాడు మర్నాడు నీలం చొక్కా తొడుక్కుంటాడు, వారం చివర ఎక్కువున్నవాడికి అది సొంతం. ఇద్దరికి సమానంగా వస్తే, ఎక్కువ రోజులు గెలిచినవాడిది.

ఆ చొక్కా కోసం పోటీ ఇద్దరి మధ్యే ఉంది. ఫిన్ క్వీన్స్‌లాండ్ కుర్రాడు, ఇరవై రెండేళ్ళు, కన్నుమూసి తెరిచేలోగా గీత దాటేస్తాడు. మార్టెన్ ముప్పై అయిదేళ్ళ బెల్జియం మనిషి. పోయినేడాది దాకా ఇద్దరూ ఒకే జట్టు. మార్టెన్ ముందుండి గాలికి ఎదురు తొక్కుతూ ఫిన్‌ని లాక్కొచ్చేవాడు, చివర్లో ఫిన్ వెనకనుంచి బయటికి దూకి గెలిచేవాడు. ఈ ఏడు మార్టెన్ వేరే జట్టులో చేరి తన కోసం తాను తొక్కుతున్నాడు. అత్తగారు అతని పేరు పలకలేక మార్తాండం అంటారు. ఫిన్‌ని పిన్నీసు అంటారు.

"ఏవండీ, మీ పిన్నీసు గొప్పేంటో చెప్పండి" అన్నారు, మొదటిసారి సూటిగా నా మొహంలోకి చూసి.

"పిలగాడు నాలుగు రోజుల్ల రెండు గెలిచిండు అత్తమ్మా. మీ మార్తాండం ఒక్కటన్న గెలిచిండా? గెలిచినోనికే చొక్కా రావాలె."

"గెలిచాడండి, కాదన్లేదు. గెలవని రోజున ఎక్కడున్నాడండీ మీవాడు? బుధవారం కొండ రాగానే ఎనభయ్యోవాడు. మావాడు రోజూ రెండో మూడో నాలుగో. రోజూ వచ్చినవాడికీ ఓ బహుమతుండాలా వద్దా?"

"నేను ఇవ్వాల్టి రోజును గూడ కలిపిన అత్తమ్మా, నాలుగో రోజు రేసు ఇప్పుడే నడుస్తున్నది. మూడిట్ల రెండు" అని నేనే సరిదిద్దుకున్నాను. ఆవిడ ముసిముసిగా నవ్వారు.

రాష్ట్ర సరిహద్దు దగ్గర ఫోన్ సిగ్నల్ పోయింది. రెండు గంటలు ఇద్దరం ఊహాగానాలే. మర్రీ బ్రిడ్జి అనే ఊరి దగ్గర సిగ్నల్ రాగానే చూశాను. ఆ రోజు ఫిన్ గెలిచాడు. నేను పిడికిలి బిగించి "యెస్" అన్నాను.

"మార్తాండం?"

"రెండు."

"పధ్నాలుగు వచ్చాయిగా. మొత్తం మీద మీవాడికన్నా నాలుగే తక్కువ" అన్నారు తాపీగా.

అడిలైడ్ చేరేసరికి సాయంత్రం అయిదున్నర దాటింది. అక్కడి గడియారం మెల్‌బోర్న్ కన్నా అరగంట వెనక. టాక్సీలో మోటెల్‌కి వెళ్ళాం. పక్కపక్కన రెండు చిన్న గదులు, గదిలో కెటిల్, ఫ్రిజ్. రేసు వారం కాబట్టి మామూలు కన్నా ఎక్కువ తీసుకున్నారు. వెళ్ళేవాళ్ళు నవంబర్‌లోనే బుక్ చేసుకోవడం మంచిది.

శనివారం రేసు కొండ మీద ముగుస్తుంది. అందరూ ఆ కొండకే పోతారు, నేనూ అదే అనుకున్నాను. అత్తగారు ఒప్పుకోలేదు.

"కొండ మీద మనవాళ్ళిద్దరికీ పనేంటండీ? పాయింట్లిచ్చే ఊరేదో అక్కడికి తీసుకెళ్ళండి."

'మనవాళ్ళు' అన్నారు. నేను వెంటనే మ్యాప్ తీశాను. ఎనిమిదిన్నరకి సీఫర్డ్ రైలు, అక్కణ్ణించి బస్సు, పదింటికల్లా మెక్‌లారెన్ వేల్. చుట్టూ ద్రాక్షతోటలు, మధ్యలో ఒకే పెద్ద వీధి, వీధికి అడ్డంగా తెల్ల గీత. బేకరీలో ఆవిడకి కూరగాయల పేస్ట్రీ, నాకు మాంసం కూరిన 'పై' అనే రొట్టె తీసుకుని గీత పక్కనే కంచె పట్టుకుని నిలబడ్డాం. చూడ్డానికి టికెట్ లేదు. టోపీ, నీళ్ళు మాత్రం తప్పనిసరి.

ముందు పోలీసు మోటార్‌సైకిళ్ళు వచ్చాయి. తర్వాత రేకుల కప్పు మీద వాన దగ్గర పడుతున్నట్టు ఒక చప్పుడు. అంతలో మలుపు తిరిగి నూట ఇరవై సైకిళ్ళు వీధి నిండా వచ్చేశాయి. ఫిన్ నీలం చొక్కా ఎడమవైపు కంచె పక్కన ఇరుక్కుపోయింది. ముందు ఒకడు, పక్కన ఒకడు, బయటపడే దారి లేదు. రోడ్డు మధ్యలోంచి మార్టెన్ ఒక్కడే తల వంచి తొక్కుతున్నాడు.

"లాగు! లాగు మార్తాండం! లాగవయ్యా!"

ఆ గొంతు మా అత్తగారిదని నాకు తెలియడానికి ఒక క్షణం పట్టింది. ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఊపేస్తున్నారు. మార్టెన్ మొదట దాటాడు. ఫిన్ నాలుగో వాడు, పాయింట్లు లేవు. నాలుగు వెనకున్నవాడు ఒకటి ముందుకొచ్చాడు.

"ఇది అన్యాయం అత్తమ్మా, మావోణ్ని మూసేసిండ్రు!"

"మూసేసే చోటికి ఎందుకెళ్ళాడండీ మరి?"

తిరుగు బస్సులో, రైల్లో, రాత్రి దోసెల హోటల్లో కూడా ఇదే వాదన. నా ప్లేట్లోంచి వడ తుంచుకుని మరీ వాదించారు. లావణ్య ఫోన్ చేస్తే "తర్వాత మాట్లాడతానే, అల్లుడుగారితో పనుంది" అని పెట్టేశారు.

ఆదివారం చివరి రోజు. సిటీ మధ్యలో చుట్లు తిరిగే రేసు. మధ్యాహ్నం రేసయితే ఆవిడ పదింటికే తయారు. గమ్యం గీతకి సరిగ్గా ఎదురుగా కంచె దగ్గర చోటు దొరికింది. ముప్పై ఆరు డిగ్రీల ఎండ. చెరో గొడుగూ వేసుకుంటే వెనకవాళ్ళు కేకలేశారు, ముడిచేశాం. తడి తువ్వాలు నెత్తిన వేసుకుని నిలబడ్డాం.

దారి మధ్య గీత దగ్గర వేరే ఎవరో అయిదు పట్టుకుపోయాడు. మార్టెన్‌కి మూడు, ఫిన్‌కి రెండు. ఇప్పుడు మార్టెన్ రెండు ముందున్నాడు.

"మీవాడు గెలిచినా, మావాడు రెండో వాడైతే చాలు" అన్నారు అత్తగారు.

"మూడోవాడైతే?"

"సమానం. మీవాడి గెలుపులు ఎక్కువ కాబట్టి చొక్కా మీవాడిది." ఆ మాట చెప్పి మంచినీళ్ళు తాగారు.

చివరి చుట్టు గంట మోగింది. మూడు నిమిషాల తర్వాత మలుపు దగ్గర జనం అరుపు, ఆ అరుపు మా వైపు పరిగెత్తుకొచ్చింది. ఫిన్ నూట యాభై మీటర్ల దగ్గర బయటికి దూకాడు. ఎంత అందంగా దూకాడంటే, రెండు సైకిళ్ళ పొడవు తేడాతో, చేతులు పైకెత్తి దాటాడు. నేను గాల్లోకి ఎగిరాను, పక్కనున్నవాళ్ళెవరినో కావలించుకున్నాను. దిగి చూస్తే అత్తగారు కదలకుండా గీత వైపే చూస్తున్నారు. ఫిన్ వెనక మార్టెనూ, ఆకుపచ్చ చొక్కా వాడొకడూ ఒకేసారి చక్రాలు ముందుకి విసిరి దాటారు. మైకులో రెండో స్థానానికి ఫోటో చూడాలన్నారు.

"రెండు మార్తాండమే" అన్నారు అత్తగారు.

"మీకెట్ల తెలుసు అత్తమ్మా? నాకైతే ఇద్దరూ ఒక్కతీర్గనే కనవడ్డరు."

"స్కూలు స్పోర్ట్స్‌లో గీత దగ్గర ఒక్కో జడ్జీకి ఒక్కో స్థానం అప్పజెబుతారండీ. ఒకటి హెడ్మాస్టారు గారు చూసుకునేవారు. నేను డ్రిల్లు టీచర్ని కదా, నాకెప్పుడూ రెండే ఇచ్చేవారు. ఇరవై ఎనిమిదేళ్ళు రెండోవాళ్ళనే చూశాను. జనం అంతా మొదటిదాని చుట్టూ మూగితే, రెండో పిల్ల భుజమ్మీద చెయ్యేసి స్లిప్పు మీద పేరు రాసేదాన్ని. అరచెయ్యంత తేడా ఉందండి. మావాడే."

నాలుగు నిమిషాలు. తర్వాత తెర మీద పేర్లు పడ్డాయి. రెండు మార్టెన్. ఒక్క పాయింట్‌తో నీలం చొక్కా అతనిది.

ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్వారు. కళ్ళనీళ్ళు తువ్వాలుతో తుడుచుకున్నారు. నావాడు రేసు గెలిచాడు, ఆవిడవాడు చొక్కా గెలిచాడు. మా చుట్టుపక్కల ఎవరికీ మాకున్నంత సంతోషం లేదు. వేదిక మీద ఫిన్ తన సీసాలో మిగిలిన షాంపేన్ అంతా మార్టెన్ నెత్తిన గుమ్మరించాడు. మార్టెన్ ఆ కుర్రాణ్ణి నడుము పట్టుకుని పైకెత్తాడు.

"కలిసే ఉన్నారండీ" అన్నారు అత్తగారు. "హమ్మయ్య."

సోమవారం రైలు లేదు కాబట్టి తిరుగు ప్రయాణం బస్సులో. పొద్దున్నే ఎక్కితే సాయంత్రానికి మెల్‌బోర్న్. సీట్లు రైలంత సుఖంగా ఉండవు, దిండు తెచ్చుకోండి. దారంతా కోసేసిన గోధుమచేలు, అక్కడక్కడా గొర్రెలు. బోర్డర్‌టౌన్‌లో భోజనానికి ఆపారు. అక్కడ ఎక్కిన ఒక పెద్దావిడ మా పక్క వరసలో కూర్చుని, నా చేతిలో రేసు పుస్తకం చూసి పలకరించింది. తనూ టీవీలో చూసిందట. తమ దేశం కుర్రాడు ఫిన్‌కి చొక్కా రావలసింది, అన్యాయం జరిగిందంది.

అంతే, అత్తగారు లేచి నిటారుగా కూర్చున్నారు. డ్రిల్లు టీచరు ఇంగ్లీషులో, వేళ్ళు మడుస్తూ, మంగళవారం నుంచి ఆదివారం దాకా ప్రతి పాయింటూ అప్పజెప్పారు. ఆ పెద్దావిడ చివరికి చేతులెత్తేసి, నా వైపు చూపించి, "ఇతను కూడా మీ మార్టెన్ వైపేనా?" అని అడిగింది.

"నో, నో. హీ ఈజ్ ఫర్ ఫిన్" అన్నారు అత్తగారు. తర్వాత నా భుజమ్మీద చెయ్యేశారు. "మై సన్-ఇన్-లా. సెలెక్షన్ ఈజ్ రాంగ్. మేన్ ఈజ్ గుడ్."

ఆడవాళ్ళిద్దరూ నవ్వుకున్నారు. నేను కిటికీ వైపు తిరిగి చాలాసేపు గోధుమచేలు చూశాను.