దెబ్బంటే ఏ దెబ్బ?

మా పై వాటాలో పదహారేళ్లున్న నర్సమ్మగారు పోయారు. ఈమధ్య ఆవిడ ఉంటున్న బాపట్ల నుంచి కూతురు ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేసి, "నిద్రలోనే వెళ్లిపోయిందండి, ఏ బాధా పడలేదు" అని చెప్పింది. ఆవిడకు అలాంటి వెళ్లిపోవడమే దక్కాలి.

రేపల్లె వైపు ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక తెనాలి వచ్చారు. ఆవిడ ముందు 'దెబ్బ తగిలింది' అనడానికి వీల్లేదు.

ఒకసారి మా అత్తగారు వాకిట్లో జారిపడితే పైకి పరిగెత్తాను.

"పిన్నిగారూ, అత్తయ్యగారికి దెబ్బ తగిలింది."

"గడప తగిలినా దెబ్బే, బస్సు తగిలినా దెబ్బే. ఏ దెబ్బ? కమిలిందా, బెణికిందా, కీలు తప్పిందా, విరిగిందా?"

కింద మంచం మీద నుంచి మా అత్తగారు, "మీ ఎంక్వయిరీ అయ్యేలోపు నా కాలు దానంతటదే నయమైపోయేట్టుందమ్మా" అన్నారు. అది బెణుకని తేలింది. ఆ నాలుగు మాటలూ వరుసగా కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించాను. తరవాత గీసుకోవడం, చీరుకోవడం, గుచ్చుకోవడం కూడా చేర్చాను. ఆవిడ చూసి, అక్షరాలు చిన్నవయ్యాయన్నారు. కంగారులో కళ్లజోడు దొరకదట.

మూడేళ్ల కిందట, రోహిణి కార్తెలో, మావారు మొక్కజొన్న ఆరబోయించడానికి భట్టిప్రోలు వెళ్లారు. మధ్యాహ్నం మా మరిది ఫోన్ చేశాడు.

"వదినా, అన్నయ్య పడిపోయాడు. తలకి దెబ్బ తగిలినట్టుంది, మాట సరిగ్గా రావట్లేదు. అంబులెన్సు వచ్చేదాకా కదపకూడదని అక్కడే పడుకోబెట్టాం."

"అయ్యో, ఎలా పడ్డారు?" అని గట్టిగా అరిచాను. నా గొంతు విని మెట్లు దిగి వచ్చిన నర్సమ్మగారు ఫోన్ తీసుకున్నారు.

"ఏదైనా తగిలి పడ్డాడా, తూలి పడ్డాడా?"

"తూలి కూర్చుండిపోయాడండి. అలాగే పక్కకి ఒరిగాడు."

"ఒళ్లు ముట్టుకుని చూడు."

"కాలిపోతోందండి. చెమట కూడా లేదు."

"అది తలకి తగిలిన దెబ్బ కాదు నాయనా, వడదెబ్బ. ముందు నీడలోకి లాగండి. చొక్కా విప్పి ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. మాట తడబడుతోంది కాబట్టి నోట్లో ఏం పొయ్యొద్దు. అంబులెన్సు వాళ్లకీ వడదెబ్బ అనే చెప్పు."

నాలుగు రోజులకు మావారు ఇంటికొచ్చారు. ఇంకాసేపు ఎండలోనే ఉంచి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నారు డాక్టరుగారు. నేను చేతులు పట్టుకోబోతే నర్సమ్మగారు వెనక్కి లాక్కున్నారు. "నీళ్లు మోసింది మీ మరిది. అతనికి గుత్తివంకాయ వండిపెట్టు" అన్నారు. వండాను. ఆవిడకూ ఒక గిన్నె పంపితే, కారం తక్కువైందని కబురొచ్చింది.

మొన్న బాపట్లలో పెద్దకర్మకు వెళ్లాం. షామియానా కింద భోజనాల బంతులు సాగుతున్నాయి. మావారు ఎవరూ చెప్పకుండానే మజ్జిగ బకెట్ అందుకున్నారు. వంగి, ఒక్కొక్కరినీ "ఇంకొంచెం పొయ్యనా అండీ?" అని అడుగుతూ, ఆ వరుస చివరిదాకా నడిచి వెళ్లారు.