నోరు తెరవలేని ఉదయాలు

సహోదరులారా, సహోదరీలారా, నా చీకటి రోజుల్లో నేను చేసిన ప్రార్థన ఒక్కటే, అదీ సిగ్గులేని ప్రార్థన: "తండ్రీ, నేను పట్టుబడకుండా కాపాడు!" విడిపించమని కాదండీ, పట్టుబడకుండా కాపాడమని! పొద్దున్న కళ్ళు మూసుకుని అదే, కారు స్టార్ట్ చేస్తూ అదే, ఇదిగో ఈ హాల్లో మీ మధ్య నిలబడి చేతులెత్తి పాడుతూ కూడా లోపల అదే. అలాంటి ప్రార్థన వినని దేవునికే మహిమ కలుగును గాక!

పాతవాళ్ళకి నేను తెలుసు, అమెరికాలో ఈ క్యారీ ఊళ్ళో మన తెలుగు సహవాసం మొదలైనప్పటి నుంచీ పాటల పుస్తకాలు పంచేది నేనే. కొత్తవాళ్ళ కోసం చెబుతున్నాను, నా పేరు సుగుణ, మా ఆయన డాక్టర్ ప్రభాకర్, ఇంటర్నల్ మెడిసిన్‌లో చాలా ఏళ్ళ నుంచి ఉన్నారు. నేనేమో ఒక ఫార్మా కంపెనీకి ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, అంటే అంతా బాగానే ఉందని ఎవరు చెప్పినా నమ్మకుండా ఎక్కడో తప్పుంటుందని వెతకడమే నాకిచ్చే జీతం, ఆ బుద్ధి ఆఫీస్ గదిలో ఆగక వంటింట్లోకీ పడగ్గదిలోకీ వచ్చేసింది.

హైవే మీద ఆగి ఉన్న నా కారుని వెనక నుంచి ఒక ట్రక్కు గుద్దింది, నడుముకి ఆపరేషన్ అయింది, మీరంతా ఇంటికొచ్చి ప్రార్థన చేశారు, క్యారేజీలు తెచ్చారు, అదంతా నాకు గుర్తుంది. అప్పుడు నొప్పికి మాత్రలిచ్చారు. నొప్పి తగ్గింది గానీ మాత్ర మానలేకపోయాను! సర్జన్ ఇక రాయనన్నాడు, అపాయింట్‌మెంట్ లేకుండా చూసే అర్జెంట్ కేర్‌లకి తిరిగాను, వాళ్ళూ అనుమానంగా చూడడం మొదలుపెట్టారు. ఆ తర్వాత నేను చేసింది చెప్పడానికి నోరు రావడం లేదు, కానీ చెప్పాలి, గృహ ప్రార్థనలకి మీ ఇళ్ళకొచ్చి, రెండో పాట మొదలవగానే బాత్రూంకి వెళ్ళి, మీ అద్దం వెనక అరల్లో మందు సీసాలు వెతికి, నొప్పి మాత్రలు తీసుకునేదాన్ని. ఎవరి ఇంట్లో మోకాలి ఆపరేషన్ అయిందో, ఎవరికి పన్ను పీకారో ప్రార్థన మనవుల్లోనే తెలిసిపోయేది నాకు!

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు ఏమన్నా నన్నే అనుకునేదాన్ని. పాస్టర్ గారు "రహస్య పాపము" అంటే చాలు, ఈయనకి ఎవరు చెప్పారా అని వరసగా ముఖాలు చూసేదాన్ని. మానేద్దామని ఉపవాసం పెట్టుకుని అన్నీ పారేస్తే, మర్నాటికి ఆగని ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్ళంతా చలి, ఒకచోట నిలవని కాళ్ళు! ఫ్లూ అని చెప్పేదాన్ని. మన సహవాసంలో పెద్దావిడ సరోజినమ్మ ఆంటీ మిరియాల చారు చేసి తెచ్చి మంచం పక్కన కూర్చుని, "ఎండలు మండిపోతుంటే ఈ ఫ్లూ ఏంటే నీకు?" అనేవారు. ఆవిడ ప్రేమగా అడిగినా నాకు పోలీసు అడిగినట్టే ఉండేది.

ఒకరోజు ఇండియన్ స్టోర్ ముందు పార్కింగ్‌లో, కరివేపాకు కోసం వచ్చినదాన్ని కారు దిగలేక స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. జీవితంలో మొదటిసారి ప్రార్థన మారింది. "ప్రభువా, నన్ను కాపాడకు, నన్ను పట్టుకో! ఎవరి చేతనైనా పట్టించు, నాకిక పరుగెత్తే ఓపిక లేదు" అన్నాను. ఆ పార్కింగ్‌లోంచే ఇలాంటి అలవాటు మాన్పించే, వేరే ఊళ్ళో ఉన్న ఒక క్లినిక్‌కి ఫోన్ చేశాను, వీడియోలో ఒక లేడీ డాక్టర్ మాట్లాడింది, ఆమెని కూడా అనుమానించాను, మా ఆయనకి తెలిసినావిడేమో, చెప్పేస్తుందేమోనని! ఆమె ఓపికగా అన్నీ అడిగి ఒక మందు రాసింది. తపాలా బిళ్ళంత పల్చటి పొర, పొద్దున్నే నాలుక కింద పెట్టుకోవాలి, కరిగేదాకా మింగకూడదు, మాట్లాడకూడదు. దేవునికి స్తోత్రం, కొన్నాళ్ళకి నా కాళ్ళు నిలిచాయి, ఒకరి ఇంటికి వెళ్ళి బాత్రూం వైపు చూడకుండా ఇడ్లీ తిని రాగలిగాను!

కానీ మా ఇంట్లో పొద్దున్నే కుటుంబ ప్రార్థన. ఆయన హాస్పిటల్‌కి వెళ్ళేముందు సోఫాలో కూర్చుని ఒక పాట పాడి, వాక్యం చదివి, ఇద్దరం కలిసి ప్రభువు ప్రార్థన చెప్పుకుని లేవడం పెళ్ళయినప్పటి నుంచి అలవాటు. నేనేమో నోట్లో మందుతో కూర్చునేదాన్ని, పాట ఎత్తితే పెదవులు కలిపి ఊఁ ఊఁ అని రాగం తీసేదాన్ని. గొంతు బాగోలేదని ఒకరోజు సైగ చేశాను, తర్వాత ఆయన అడగడం మానేశారు. అడగకపోవడమే నాకు పెద్ద అనుమానమైంది! పైగా అప్పటిదాకా చిన్న కీర్తన చదివి ముగించే మనిషి, వంశావళులు చదవడం మొదలుపెట్టారు. ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను, వాడు ఇంకొకణ్ణి కనెను, ఒక్కో పేరు దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, చదివిందే మళ్ళీ చదివి! సువార్త అంతా ఉండగా ఈ పేర్లేంటి, నన్ను విసిగించి నోరు తెరిపించాలనా అని లోపల మండిపోయేదాన్ని.

అంతలో ఇంకో గొడవ. నేను గదిలోకి వెళితే ఆయన లాప్‌టాప్ మూసేస్తున్నారు. శనివారాలు పొద్దున్నే "పనుంది" అని వెళ్ళి మధ్యాహ్నానికి వస్తున్నారు. ఒకసారి ఫోన్‌లో ఆడగొంతు, "సీ యూ శాటర్‌డే, డాక్టర్" అంది! దానికి తోడు ప్రార్థన కూటంలో లేచి నిలబడి, "నా పరీక్ష కోసం ప్రార్థించండి" అన్నారు మా ఆయన, ఏ పరీక్షో చెప్పకుండా! తెల్లజుట్టు వచ్చాక పరీక్షేంటండీ? పాస్ కావలసిన డాక్టరీ బోర్డు పరీక్షలన్నీ ఎప్పుడో పాసయ్యారు కదా! సరోజినమ్మ ఆంటీ ఊరుకోరు కదా, "ఉద్యోగం గానీ పోయిందా ప్రభాకర్?" అని అడిగేశారు. ఆయన నవ్వి, "లేదాంటీ, దేవునికి తెలుసు" అన్నారు. ఆంటీ వంటింట్లో నా చెయ్యి పట్టుకుని, "నీకు కూడా చెప్పలేదా? నిప్పు లేనిదే పొగ రాదమ్మా, కనిపెట్టుకుని ఉండు" అన్నారు.

కనిపెట్టుకునే ఉన్నాను! నాకు తెలిసిపోయింది అనుకున్నాను. నా సంగతి ఈయనకి తెలిసింది, లాయర్ని చూసుకుంటున్నారు, లేకపోతే ఇంకో మనిషిని చూసుకుంటున్నారు. ఒక శనివారం ఫోన్‌లో లొకేషన్ చూసుకుంటూ ఆయన వెనకే డ్రైవ్ చేశాను. నెయిల్ సెలూన్ పక్కన బోర్డు సరిగా కనపడని చిన్న ఆఫీస్. ఎదురుగా కాఫీ షాపు ముందు కారు ఆపుకుని, నల్ల కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. మా ఆయన! పక్కన బక్కపల్చటి తెల్లమ్మాయి, ఏడుస్తోంది, ఈయన చేతిలో పసిబిడ్డ కార్ సీటు! సొంత బిడ్డని మోసినట్టు మోసి, ఆ అమ్మాయి కారులో పెట్టి, బెల్టు సరిగా పడిందో లేదో లాగి చూశారు. సహోదరీలారా, దిగి జుట్టు పట్టుకుందామన్నంత కోపం వచ్చింది, కానీ దిగితే ఆయన నన్ను అడిగే ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేదే! దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంటుందని నోరు మూసుకుని ఇంటికొచ్చేశాను. ఆ వారమంతా మందు మానేసి పాత మాత్రలు వెతుక్కోవాలని నా ఒళ్ళు ఎంత లాగిందో దేవునికి తెలుసు. ఇల్లే పోతుంటే ఇక ఎవరి కోసం బాగుపడాలి అనిపించింది.

ఆ పై శనివారం ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు, పరీక్ష దగ్గరపడిందని పాస్టర్ గారు, సరోజినమ్మ ఆంటీ వాళ్ళు, ఇంకా కొందరు మా ఇంట్లో ఉదయ ప్రార్థనకి వస్తామన్నారు. నేను చెప్పిన టైంకంటే ముందే వచ్చేశారు. మన తెలుగువాళ్ళు ముందు రావడం ఎక్కడైనా చూశారా? నాలుక కింద అప్పుడే మందు పెట్టుకున్నాను, బెల్ మోగింది! తల ఊపుతూ, నవ్వుతూ, అందరికీ చేతులు జోడించి కూర్చోబెట్టాను. పాట అయిపోయింది. పాస్టర్ గారు నా వైపు తిరిగి, "సుగుణమ్మా, భర్త కోసం మొదట భార్యే మొరపెట్టాలి. నువ్వు ప్రార్థన మొదలుపెట్టమ్మా" అన్నారు.

అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను నోరు తెరవలేదు. ఒకరు దగ్గారు. ఆంటీ ఒక కన్ను తెరిచి, "ఏమ్మా, మొగుడి కోసం రెండు మాటలు రావడం లేదా?" అన్నారు మెల్లగా, అయినా అందరికీ వినపడింది. పాస్టర్ గారి ముఖం మారింది. ఉమ్మేస్తే దొరికిపోతాను, మింగేస్తే మందు వృథా, తెరిస్తే మాట ముద్దగా వస్తుంది. "ప్రభువా, పట్టించమన్నాను గానీ ఇంతమందిలోనా!" అనుకున్నాను.

అప్పుడు మా ఆయన నా వైపు చూశారు. నా కళ్ళలోకి కాదు, నా దవడ వైపు. తర్వాత నెమ్మదిగా, "అయ్యగారూ, ఈ పూట మౌనంగా ప్రార్థన చేసుకుందాం. ఎవరూ పైకి మాట్లాడొద్దు, నేను చెప్పేదాకా" అన్నారు. మన సహవాసంలో మౌన ప్రార్థన ఎప్పుడైనా విన్నారా? మనకి పైకి ఏడవకపోతే ప్రార్థన కాదు కదా! అందరూ ఆశ్చర్యపోయి తలలు వంచారు. ఆయన మాత్రం కళ్ళు మూసుకోలేదు, గోడ గడియారం చూస్తూ కూర్చున్నారు. నా నోట్లో పొర కరిగింది. సరిగ్గా అప్పుడే లేచి వంటింట్లోకి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతిలో పెట్టి, వంగి నా చెవి దగ్గర, "నోరంతా తిప్పి మింగు. గంట దాకా బ్రష్ చేయకు, పళ్ళు పాడవుతాయి" అన్నారు.

 వీడియోలో డాక్టరమ్మ నాకు చెప్పిన మాటే, అక్షరం పొల్లుపోలేదు! ఆ మందు సంగతి తెలిసినవాళ్ళు తప్ప వేరేవాళ్ళు ఆ మాట అనలేరు. ఆయనకి తెలుసు! అన్నీ తెలిసి, నీళ్ళు తెచ్చారు! నీళ్ళు తాగి నోరు తెరిచి ఎలా ప్రార్థించానో నాకు గుర్తులేదు గానీ, పాస్టర్ గారు కూడా కళ్ళు తుడుచుకున్నారని తర్వాత ఆంటీ చెప్పారు.

వాళ్ళు వెళ్ళాక ప్లేట్లు తీస్తూ ఆయనే మొదలుపెట్టారు. "నేను శనివారాలు వెళ్ళేది మత్తు మందుల అలవాటుకి వైద్యం చేసే క్లినిక్‌కి. పరీక్ష కూడా దానికే, అడిక్షన్ మెడిసిన్ బోర్డ్. అక్కడ ఎన్నో గంటలు పనిచేస్తే గానీ కూర్చోనివ్వరు. నీకు ఎండాకాలంలో జ్వరం లేని ఫ్లూ వచ్చిందే, అప్పుడు అర్థమైంది నాకు. ఇన్నేళ్ళ డాక్టర్ని, అలాంటి పేషెంట్ వస్తే అనుమానంగా చూసి పంపేయడమే తెలుసు సుగుణా. నీతో కూడా అలాగే మాట్లాడేస్తానేమోనని భయమేసింది."

"నాకు వైద్యం చేయడానికా చదివారు?" అన్నాను, ఇంకా అనుమానంగానే.

"కాదు. ఇంట్లోవాళ్ళకి నేను డాక్టర్ని కాకూడదు. నీ డాక్టర్ ఎవరో నాకు తెలియదు, నువ్వు చెబితే తప్ప అడగను. మొగుడిగా ఎలా ఉండాలో తెలుసుకుందామని వెళ్ళాను."

లాప్‌టాప్ ఎందుకు మూసేవారో అప్పుడు తెలిసింది, పేషెంట్ల సంగతులు ఇంట్లోవాళ్ళకైనా చూపించకూడదట. ఆ బిడ్డ తల్లి ఎవరని అడిగితే ఇప్పటికీ చెప్పరు, నేనూ అడగడం మానేశాను, దాదాపుగా.

"మరి ఆ వంశావళులు?" అన్నాను.

ఆయన ప్లేటు సింక్‌లో పెట్టి, "క్లినిక్‌లో నోరు మూసుకుని కూర్చున్నవాళ్ళని ప్రతి శనివారం చూస్తాను కదా. నువ్వూ మందు మొదలుపెట్టావని తెలిసిపోయింది. కీర్తన చదివితే తొందరగా అయిపోతోంది. అది కరిగాక నువ్వు నాతో కలిసి ప్రభువు ప్రార్థన చెప్పాలి కదా" అన్నారు.

సహోదరులారా, నేను తిట్టుకున్న ప్రతి పేరూ నా కోసం చదివిన పేరే! నేను ఆయన్ని వెంటాడుతున్నాననుకున్నాను, ప్రభువు ఎప్పుడో నా భర్త చేతులతో నన్ను పట్టుకుని కూర్చున్నాడు. హల్లెలూయ!

మీ ముఖాలు చూస్తున్నాను. ఇంకా మందు వేసుకుంటూనే ఉంది, ఇదేం విడుదల అని మీలో కొందరు అనుకుంటున్నారు, నాకు తెలుసు, అనుమానంలో మీ అందరికంటే సీనియర్‌ని నేను! అవును, ఈ పొద్దున కూడా వేసుకున్నాను. మీ షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు విశ్వాసానికి అడ్డురాలేదు కదా, నాదీ రాదు. ఆయన పరీక్ష రాశారు, ఫలితం ఇంకా రాలేదు, ప్రార్థించండి, ఇప్పుడు ఏ పరీక్షో మీకు తెలుసు. మీ ఇళ్ళల్లో నేను తీసిన వాటికి నన్ను క్షమించండి, మిగిలిన మాత్రలు ఇంట్లో పెట్టుకోకుండా ఫార్మసీలో తిరిగి ఇచ్చేయండి.

ఒక్క మాట, కూర్చుంటాను. ఈ హాల్లో ఎవరో ఒకరు ఇప్పుడు కూడా, "దేవా, నేను పట్టుబడకుండా కాపాడు" అని అనుకుంటున్నారు. ఎవరో నాకు తెలియదు, నేను వెతకను, ఒట్టు. కానీ నీ ప్రార్థన మార్చుకో తల్లీ, మార్చుకో బాబూ. ప్రభువు పట్టుకుంటే బజారుకీడ్చడు. కూటం అయ్యాక, నాలాగే బాత్రూంలో దాక్కున్నా సరే, తలుపు గడియ తీసుకుని బయటికి రా, నేను మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడి ఉంటాను, నిన్ను ఒక్క ప్రశ్న కూడా అడగను. దేవునికే మహిమ, ఆమేన్!