నారాయణగూడ సిగ్నల్, డెబ్బై అయిదు లెక్క

2012 మార్చి 14, బుధవారం, ఉదయం ఏడు గంటల పన్నెండు నిమిషాలు. నారాయణగూడ చౌరస్తాలో స్కూటర్ ఆపి తలెత్తితే సిగ్నల్‌లో మూడు లైట్లూ వెలుగుతున్నట్టు కనిపించాయి. నా వెనక నుంచి వచ్చే ఎండ నేరుగా ఆ అద్దాల మీద పడుతోంది. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాను. మూడూ అలాగే ఉన్నాయి. వెనకవాడు హారన్ కొట్టాక కదిలాను.

కంటి నరం దెబ్బతింటోందని, పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు జనవరిలోనే చెప్పాడు. బండి నడుపుతావా అని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

మా ఇల్లు అశోక్ నగర్‌లో. చౌరస్తా అవతల మా అక్క ఒంటరిగా ఉండేది. ఆమెకు షుగరు, దానికి తోడు చేతుల వణుకు. ఏడున్నరకు ఇన్సులిన్ సూది నేను వెళ్లి వేయాలి. ఆటోలో రమ్మని అక్క పోరేది. ఆటోతో బేరం కుదిరేలోగా బండి మీద చేరిపోతానని నేను. అసలు సంగతి అది కాదు. 1979లో మోపెడ్‌తో మొదలుపెట్టాను. ముప్పై మూడేళ్లలో ఒక్క చలానా లేదు. బండి పోతే ఇక ప్రతి పనికీ ఒకరి కోసం ఎదురుచూడాలని భయం.

నేను ఆజామాబాద్‌లోని ఒక ఫ్యాక్టరీలో టైం ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఎవరు ఏ నిమిషానికి లోపలికి వచ్చారో, ఏ నిమిషానికి బయటికి వెళ్లారో రాయడమే నా ఉద్యోగం. కన్ను పని చేయనప్పుడు లెక్క పని చేస్తుందనుకున్నాను. వరుసగా మూడు రోజులు ఇరవై నిమిషాలు ముందే వెళ్లి, బండి పక్కన పెట్టి, చేతిగడియారం పట్టుకుని ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. స్తంభం దగ్గరికి వెళ్లి పక్క నుంచి చూస్తే ఏ లైటు వెలిగిందో తెలిసేది. మా వైపు ఎరుపు డెబ్బై అయిదు సెకన్లు. మూడు రోజులూ అంతే.

అప్పటి నుంచి ముందున్న బళ్లు ఆగగానే మనసులో ఒకటి మొదలుపెట్టి, డెబ్బై అయిదుకు కదిలేదాన్ని. ఎరుపు సగంలో వచ్చి చేరితే పచ్చలైటు వదిలేసి, అంచుకు జరిగి, మళ్లీ ఎరుపు పడేదాకా ఆగేదాన్ని. పక్కవాళ్లను చూసి కదలొచ్చు కదా అంటే, మన ఊళ్లో పచ్చలైటు పడకముందే సగం మంది చౌరస్తా మధ్యలో ఉంటారు.

లెక్క తప్పలేదు. కానీ రోజూ చిక్కడపల్లి మార్కెట్ దాటగానే వేగం బాగా తగ్గించేదాన్ని. లైసెన్స్ గడువు జూలై 2తో తీరుతుంది. పొడిగించుకోవడానికి తెచ్చుకున్న ఫారంలో ఒక ప్రశ్న ఉంది: మంచి పగటి వెలుగులో, ఇరవై అయిదు మీటర్ల దూరాన ఉన్న కారు నంబరు చదవగలరా? 'అవును' అని రాసి, సంతకం చేసి, సంచిలో పెట్టుకుని తిరిగాను. ఇచ్చి మాత్రం రాలేదు.

జూన్ 18, సోమవారం. ఆ రోజు కూడా డెబ్బై అయిదు అనుకోగానే కదిలాను. ఈల వినిపించింది. బ్రేకు వేసేసరికే ముందు చక్రం ఒకామెను తాకింది. పడింది. ఆమె చేతిలోని టిఫిన్ డబ్బా మూత ఊడి, అన్నం రోడ్డు మీద పరుచుకుంది.

కానిస్టేబుల్ వచ్చి బండి తాళం తీసుకున్నాడు. "ఏందమ్మా, పెద్దమనిషివి. ఎర్రలైటు కనిపిస్తలేదా?"

"కనిపించింది. తొందరల ఉన్న," అన్నాను. చూపు లేనిదానిగా తేలడం కంటే సిగ్నల్ దాటినదానిగా తేలడమే నయమనిపించింది.

"ఇయ్యాల్టి సంది తొంభై సెకన్లు పెట్టిన్రు, స్కూల్ పిల్లలు దాటుతరని. పదిహేను సెకన్లకు ఒక్కరి పానం ఆగుతలేదు," అంటూ చలానా రాశాడు.

కిందపడ్డామె పాలమూరు నుంచి వచ్చి కూలి చేసుకుంటోంది. ఎడమ మణికట్టు పట్టుకుని అక్కడే కూర్చుంది. "తొందర నాకు లేదా అవ్వా? కూలి అడ్డ మీదికి జల్ది పోకుంటె పని దొరకదు. జర ఆగితే ఏం పోతుండె నీకు?"

ఆమెను ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లాను. ఎముక చిట్లింది, కట్టు వేశారు. అక్క దగ్గరికి చేరేసరికి తొమ్మిది నలభై.

"నీ గడియారం ఆగిపోయిందా ఏంది?" అంది అక్క. అంతా చెప్పాను, లెక్క సంగతి కూడా. "నా సూది కోసమని ఎవ్వరికి చెప్పకు చెల్లె. నేను ఆటోల రమ్మన్న," అంది.

ఆ సాయంత్రం మా గల్లీలో ఆగి ఉన్న కారు దగ్గర నుంచి టేపుతో ఇరవై అయిదు మీటర్లు కొలిచి నిలబడ్డాను. ప్లేటు తెల్లగా ఉందని మాత్రం తెలిసింది. నడుచుకుంటూ దగ్గరికి వచ్చాను. నంబరు పూర్తిగా చదవగలిగింది ఆరు మీటర్ల దగ్గర. ఫారంలో 'అవును' కొట్టేసి 'లేదు' అని రాశాను.

మర్నాడు నడిచి వెళ్లి ఆ కానిస్టేబుల్‌కు నిజం చెప్పాను.

"చలానా అయిపాయె గదమ్మా. ఇప్పుడెందుకు చెప్తున్నవు?" అన్నాడు.

"నిన్న అడిగిన్రు గదా," అన్నాను.

జర ఆగితే పోయేది పదిహేను సెకన్లు. ఆగనందుకు పోయినవి ఇవి. ఆమెకు ఇరవై మూడు రోజుల పని. ఆ కూలి నేను ఇచ్చాను. బరువెత్తితే మణికట్టు లాగుతోందని తర్వాత కూడా చెప్పింది, దానికి నేను ఇవ్వగలిగింది ఏమీ లేదు. ఒక టిఫిన్ డబ్బా. ఒక పూట అన్నం. మా అక్కకు సూది వేళ: ఏడున్నర నుంచి ఎనిమిదింబావుకు జరిగింది, బస్సు వచ్చినదాన్ని బట్టి. నాకు లైసెన్స్, 2012 జూలై 2తో.