రెండో రింగు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా బొగ్గుబాయి కాలనీలో నా పేరెత్తితే ఇప్పటికీ "పాపం, ఎండదెబ్బ తగిలిన పిల్ల" అంటారు. నాకు తగిలింది ఎండదెబ్బ కాదు, వీడియో గేము దెబ్బ. ఆ దెబ్బకు మా ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు ఎట్లా కూలిందో చెబుతాను. నవ్వండి, కానీ మెల్లగా. మా వదిన పక్క గదిలోనే ఉంది.

కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివే రోజుల్లో ఆదివారాలు నా క్లాస్‌మేట్ నస్రీన్ వాళ్లింటికి పోయేదాన్ని. ఇంట్లో మాత్రం "నోట్సు రాసుకోవడానికి" అని చెప్పేదాన్ని. నా ముఖం చూస్తే ఎవరైనా నమ్ముతారు. నిజానికి వాళ్ల టీవీకి ఒక గేము డబ్బా ఉండేది. అందులో గల్లీ బాస్కెట్‌బాల్: ముగ్గురు ఇటు, ముగ్గురు అటు, గోడల నిండా రంగు బొమ్మలు. నలుగురిలో నోరు విప్పని నేను ఆ రిమోటు చేతికొస్తే పోచమ్మ పూనినట్టు అరిచేదాన్ని.

మొదటిరోజే నస్రీన్ పాఠం చెప్పింది.

"దేఖ్, ఒక్కటే రింగు. బాల్ గుంజుకున్నవా, గా గీత బయటికి తేవాలె. తెచ్చి మళ్ల అండ్లనే వెయ్యాలె."

"ఆళ్లు గూడ అండ్లనే, మనం గూడ అండ్లనేనా?"

"ఇంకేడ వేస్తవ్, మా అమ్మీ పోపుల డబ్బలనా?"

చదువు మర్చిపోయాను కానీ, ఈ పాఠం మర్చిపోలేదు.

ఇక వదిన సంగతి. మా అన్నతో పెళ్లయి వచ్చినప్పుడు బీరువా, మంచం వెనకాల వ్యానులో వచ్చాయి. బాస్కెట్‌బాల్ మాత్రం వదిన ఒడిలో వచ్చింది. కాలేజీలో కెప్టెనట. అవ్వకు, అంటే మా అమ్మకు, అది నచ్చలేదు. చివరికి ఒక షరతు పెట్టింది.

"పెండ్లయినంక గీ ఎగురుడేంది కోడలా? సరే, పక్క కాలనోళ్లతోని గీ ఒక్క పందెం ఆడు. గెలిస్తే రోజు పో. ఓడితే బంతి అటుకెక్కుడే."

పందెం రోజు పొద్దున్నే జట్టులో ఒకామెకు జ్వరం. వదిన నా దగ్గరికి ఉరికొచ్చింది.

"స్వప్నా, మొన్న టీవీల గల్లీ ఆట సూసుకుంట 'గీత దాటి వెయ్యి' అని మొత్తుకున్నవ్ గదా! హాస్టల్ల ఆడుతుంటివా?"

నేను నేలచూపులు చూశాను. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా వదిన దగ్గర అర్ధాలు, పావులు ఉండవు.

"నాకెర్కనే! నువ్వు ఊకె కూసో, లెక్కకు ఒకలు తక్కువున్నరు, గంతే."

ఊరికే కూర్చోవడంలో నన్ను మించినవాళ్లు లేరు. బల్ల మీద కూర్చుని చున్నీ కింద నవల తెరిచాను. ఆటను ఒక్కసారి కూడా తలెత్తి చూస్తే ఒట్టు. మైదానానికి ఆ చివర ఇంకో రింగు ఉందని చూడకపోలేదు. కాలనీలో బోరింగులు రెండున్నట్టు రింగులూ రెండున్నాయేమో, ఒకటి పాడైతే ఒకటి అనుకున్నాను.

ఆట అయిపోవస్తుండగా, రెండు జట్లూ సమానంగా ఉండగా, మావాళ్లలో ఒకామె కాలు మడత పడింది.

"స్వప్నా, రా!"

"వదినా, నేనా?"

"మరి గా నవలనా? ఉరుకు!"

లోపలికి పోయానో లేదో, పక్క కాలనీ ఆమె వేసిన బంతి రింగు వెనక పలకకు తగిలి, వెతుక్కుంటూ వచ్చినట్టు నా చేతుల్లో పడింది.

"ఉరుకు స్వప్నా, ఉరుకు!" అని వదిన కేక.

బంతి కొట్టుకుంటూ గీత బయటికి ఉరికాను. వదిన ముఖం వెలిగిపోయింది. అక్కడ ఠక్కున ఆగి, నస్రీన్ చెప్పినట్టే, వెనక్కి తిరిగాను.

అడ్డొస్తారనుకున్న పక్క కాలనీవాళ్లు బోనానికి దారి వదిలినట్టు తప్పుకున్నారు. నన్ను చూసి జంకారనుకున్నాను! "అటు గాదే! అటు గాదు!" అని వదిన గొంతు వినబడింది. గేములో కూడా ఇట్లాగే అరుస్తారు, పట్టించుకోకూడదు. అదే రింగులోకి బంతి విసిరాను. రింగును తాకకుండా, పెరుగులోకి గరిటె దిగినట్టు దిగింది.

గేములో బుట్టలో బంతి పడితే మన బొమ్మ చేతులు రెండూ లేపి గిరగిరా తిరిగి గంతులేస్తుంది. నేనూ వేశాను. కాలనీ అంతా చూస్తుండగా!

నన్ను ముందుగా ఎత్తుకున్నది పక్క కాలనీవాళ్లు. అప్పుడు నాకు కొంచెం అనుమానం వచ్చింది. ఆ వెంటనే ఆట ముగిసినట్టు విజిల్ మోగింది.

"ఎవల రింగుల ఏసినవే? మనది గా రెండోది!" అంటూ వదిన ఉరికొచ్చింది. నా ముఖం చూసి ఏమనుకుందో, చుట్టూ మూగినవాళ్లతో, "జరగుండ్రి, జరగుండ్రి! పిల్లకు ఎండదెబ్బ తగిలింది!" అంది. చలికాలం, సాయంత్రం. అయినా అందరూ నమ్మి నా నెత్తి మీద నీళ్లు పోశారు.

ఇంటికొచ్చాక వదిన కుర్చీ వేసుకుంది, ఎక్కింది, బంతిని అటుక మీద పెట్టింది. అది చూసి నేను అవ్వ దగ్గరికి ఉరికాను.

"అవ్వా, వదినది తప్పు లేదు. నేనే..."

"నాకు కండ్లు లేవా? ఓడిచ్చింది నువ్వేనని సూడలేదా?" అంది అవ్వ. చేటలో బియ్యం చెరగడం ఆపి నన్నే చూసింది. "పుట్టిన సంది సుట్టాలొస్తే తలుపు ఎన్క దాసుకునే పిల్లవు. గంత మంది నడిమిట్ల చేతులు లేపి ఎగిరినవ్. గది గూడ సూసిన. కోడలా, బంతి దించు. రేపటి సంది దీన్ని గూడ తోల్కపో."

వదిన కుర్చీ మీంచి దూకిన చప్పుడుకు చేటలో బియ్యం ఎగిరిపడ్డాయి.

ఆ బియ్యం ఏరుతూ, ఇలవేల్పు సాక్షిగా, నస్రీన్ రిమోటు సాక్షిగా ప్రమాణం చేసుకున్నాను: ఈ జన్మలో సోఫాలో నేర్చిన విద్యను సిమెంటు మీద చూపించను, చూపించను, చూపించను.

అవ్వ చేట అందుకుని, నవ్వు ఆపుకుంటూ అంది:

"ఎగురు బిడ్డా, మంచిగ ఎగురు. గని ఎగిరే ముందుగాల గా గంప ఎవలదో జర అడుగు."