బాపు చెయ్యి అందిన గోడ

అమ్మ పోయిన నెలకు నా మెడ పట్టేసింది. భుజం కూడా బిగుసుకుంది. మహబూబ్‌నగర్‌లో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నన్ను గోడ ముందు నిలబెట్టి, వేళ్లతో మెల్లగా పైకి పాకమంది. ఎంతవరకు అందిందో చూసి పెన్సిలుతో గీత పెట్టింది. ఈ పద్ధతి మీద చాలా పరిశోధన జరిగిందని చెప్పింది. తెలుసన్నాను. అందులో కొంత భువనగిరి దగ్గర మా ఊళ్లో, మా ఇంటి గోడ మీదే జరిగింది.

బాపు, మా నాన్న, దొర పల్లకీ మోసినవాడు. దాన్ని మేనా అనేవాళ్లు. వెట్టి కాబట్టి కూలి లేదు. మేనా కొయ్య ఎప్పుడూ కుడి భుజం మీదే ఉండేది. అక్కడ కాయ కాసి గట్టిపడింది. మెడ ఎడమకు ఒరిగింది. దొరల మీద తిరగబడ్డ సంఘం వచ్చాక వెట్టి ఆగింది, దొర పట్నం పోయాడు. మోసినన్నాళ్లూ ఊరుకున్న నొప్పి, మోయడం మానేశాక మొదలైంది. కుడి చెయ్యి భుజం దాటి లేచేది కాదు.

"దొర దిగిండు గని, మేనా ఇంక దిగలేదే అన్నా," అనేవాడు చిన్నాయన, వచ్చినప్పుడల్లా.

అమ్మ ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టేది. తర్వాత బాపును గోడ ముందు నిలబెట్టేది. వేళ్లు ఆగిన చోట బొగ్గుతో గీత గీసేది. మర్నాడు ఆ గీతను అందుకుంటేనే జొన్న గటుక పోస్తాననేది. వైద్యంలో ఈ భాగం తర్వాత నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

పోలీసు చర్య తర్వాత మిలిటరీవాళ్లు తుపాకులు పట్టిన సంఘపోళ్ల కోసం ఊళ్లు గాలించారు. పక్క ఊళ్లో ఇద్దరిని పట్టుకుపోతే వాళ్లు తిరిగి రాలేదు. ఒక పొద్దున మా ఇంటికి వచ్చారు. ముందు ఊళ్లో శిస్తు వసూలు చేసే మాలీపటేలు, వెనక ఆఫీసరు, ఆయన వెనక సిపాయిలు. చేతులెత్తమన్నారు. బాపు ఎడమ చెయ్యి ఎత్తాడు. కుడిది సగంలో ఆగింది. గొంగడి కింద ఏదో దాచాడనుకొని సిపాయి తుపాకీ గురిపెట్టాడు. గొంగడి లాగేస్తే భుజం మీద కాయ కనిపించింది. అది తుపాకీ మోసిన భుజమేనని ఆఫీసరు తేల్చాడు. మాలీపటేలు ఆ మాట మాకు తెలుగులో చెప్పాడు. దొర మేనా ముందు ఎన్నోసార్లు నడిచినవాడే, అది మేనా కాయ అని మాత్రం ఆఫీసరుకు చెప్పలేదు.

అమ్మ బాపును గోడ దగ్గరికి తీసుకుపోయింది.

"దొర మేనా మోసిన భుజం సారూ. చెయ్యే లేస్తలేదు, ఇగ తుపాకి ఏం లేపుతడు? చూడుండ్రి, గీ గీత కాడికే."

బాపు వేళ్లు గోడ మీద పాకాయి. గీత దగ్గరికి వచ్చాయి. ఆగలేదు. బెత్తెడు పైకి పోయాయి.

"దాటింది గదనే," అన్నాడు మాలీపటేలు.

"భయానికి లేసింది," అంది అమ్మ. "సారును రోజు ఒకపారి వచ్చి పొమ్మను. జల్ది నయమైతది."

మాలీపటేలు దాన్ని ఉర్దూలో ఎట్లా చెప్పాడో తెలియదు. ఆఫీసరు నవ్వలేదు. గోడ మీద కింది నుంచి పైదాకా ఉన్న గీతలన్నీ చూశాడు. అంతకు మించి పైకి పోని బాపు చెయ్యి చూశాడు. తుపాకీ దించమని సిపాయికి సైగ చేశాడు.

వాళ్లు పోయాక బాపు గొంగడి తీసి మళ్లీ కప్పుకున్నాడు. అమ్మ పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి కొత్త గీత గీసింది.

"గిది గూడ లెక్కనేనా?" అన్నాడు బాపు.

"మరి కాదా? రేపు గిది అందినంకనే గటుక."

ఆ గీత దాకా బాపు చెయ్యి మళ్లీ లేవడానికి వానకాలం దాటింది. గటుక మాత్రం అమ్మ ఒక్కరోజూ ఆపలేదు.